గడియారం కింద యల్మరి

మగవాళ్ళకు ఎదుటి మనిషి ముఖం చదవడం చేతకాదని నేనంటే కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకున్న సంగతి వాళ్ళ ముఖం చూసి నేనే ముందు కనిపెట్టేస్తాను కాబట్టి వాదన అక్కడితో ముగుస్తుంది. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మా సరస్సు ఒడ్డున ఉన్న డాన్సు మండపంలో కాఫీ బల్ల నాది. పెళ్ళి కాకముందు నుంచీ ప్రతి వేసవీ అక్కడే నిలబడి కాఫీ పోస్తున్నాను. నా బల్ల దగ్గర నుంచి చూస్తే ఎడమ గోడ వెంట మగవాళ్ళ వరస, కుడి గోడ వెంట ఆడవాళ్ళ వరస, మధ్యలో ఖాళీ చెక్క నేల. ఎవరి మనసు ఎవరి మీద ఉందో, ఎవరి కొత్త చెప్పు ఎవరిని కరుస్తోందో అన్నీ నాకు తెలిసిపోతుంటాయి.

మండపంలో ఒక పద్ధతి ఉంది. వాయిద్యాల వేదిక పక్కన బల్బుల బోర్డు మీద 'మగవాళ్ళ వంతు' అని వెలిగితే మగవాళ్ళు నేల దాటి వెళ్ళి ఆడవాళ్ళను పిలవాలి. 'ఆడవాళ్ళ వంతు' అని వెలిగితే ఆడవాళ్ళు వెళ్ళి పిలవాలి. పిలిచాక రెండు పాటలు కలిసి ఆడాలి. ఒక్క పాటకే వదిలేసి పోవడం అవమానం చేసినట్టు. రెండూ అయ్యాక మగవాడు ఆమెను ఆడవాళ్ళ వరసలో ఆమె చోటికి చేర్చి, కృతజ్ఞత చెప్పి వెనక్కి రావాలి. ఎవరు పిలిచినా కాదనకూడదు. కాదంటే ఆ పిలిచిన మనిషి అందరి కళ్ళ ముందూ ఖాళీ నేల మీద ఒంటరిగా వెనక్కి నడవాలి, ఆ శిక్ష పగవాళ్ళకు కూడా వద్దు. ఆ బోర్డు మీట నా బల్ల పక్క గోడకే ఉంటుంది. అకార్డియన్ వాయించే పెద్దాయన గడ్డం ఊపితే నేను నొక్కుతాను.

ఇక యల్మరి సంగతి చెబుతాను. అతను మా చుట్టుపక్కల పల్లెల్లో పాల ట్యాంకరు నడిపేవాడు. ప్రతి పెరట్లోకీ వెళ్ళేవాడు, ప్రతి వంటింట్లోనూ కాఫీ తాగేవాడు, ఏ ఇంట్లో ఏం జరుగుతోందో మాత్రం ఒక్క ముక్క తెలిసేది కాదు. ఒకసారి ఒక ఇంట్లో ముసలాయన పోయాడు. ఇల్లంతా కళ్ళు తుడుచుకుంటుంటే, ఉల్లిపాయలు తరుగుతున్నారనుకుని, రోడ్డు మీద గుంతల గురించి అరగంట మాట్లాడి, ఏలకుల బన్ను రెండోది కూడా తిని వచ్చాడు. ఇంకోచోట మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు కొరికేసేలా చూసుకుంటూ బల్లకు చెరోవైపు కూర్చుని ఉన్నారు. మనవాడు మధ్యలో కూర్చుని బఠాణీ పులుసు బ్రహ్మాండంగా ఉందని మెచ్చుకుని ఇంకో గరిటె వేయించుకున్నాడు. అతన్ని చూసి నవ్వు ఆపుకోలేక వాళ్ళిద్దరూ రాజీ పడిపోయారని చెబుతారు, అది నిజమో కాదో నాకు తెలియదు.

ఆవుల సంగతి అడిగితే మాత్రం చెవులు చూసి చెప్పేసేవాడు, ఇది బెదిరింది, దీనికి పొదుగు నొప్పిగా ఉంది అని. "మనుషులకి చెవులు కదలవు కదా ఐలీ, నన్నేం చెయ్యమంటావ్?" అనేవాడు నాతో. పాపం అది అతని నిజాయితీ.

హెల్వి అతన్ని ఎంచుకున్న కథ మా ఊళ్ళో అందరికీ తెలుసు, అయినా మళ్ళీ చెబుతాను, నాకు ఇష్టం కాబట్టి. మగవాళ్ళ గోడకు ఒక పెద్ద గడియారం ఉంది. యల్మరి ఎప్పుడూ సరిగ్గా దాని కిందే నిలబడేవాడు. హెల్వి ఒక వేసవంతా ఎదురుగా నిలబడి అతన్నే చూసి నవ్వింది. ఊరికే నవ్వడమా, మండపం పైకప్పుకు కూడా అర్థమయ్యేట్టు నవ్వింది. వాడు ఒక్కసారి కూడా కదల్లేదు. ఒకరోజు కాఫీకి వచ్చినప్పుడు నేనే అడిగాను.

"ఏరా, ఆ అమ్మాయి నిన్ను చూసి నవ్వుతుంటే కనబడట్లేదా?"

"నన్నా? ఆవిడ టైమ్ చూసుకుంటోంది. తొందరగా ఇంటికి పోవాలనుకుంటా. పాపం, ఎవరూ దిగబెట్టేవాళ్ళు లేరేమో."

నేను తల పట్టుకున్నాను. ఆడవాళ్ళ వంతు వెలిగింది. హెల్వి నేల దాటి వచ్చి అతని ముందు నిలబడి, "నేను గడియారం చూడట్లేదు, నిన్ను చూస్తున్నాను" అంది. కాఫీ కప్పు నా బల్ల మీద వదిలేసి వెళ్ళాడు. ఆ తర్వాత ఇద్దరూ వేరేవాళ్ళతో ఆడింది తక్కువ.

పెళ్ళయిన కొత్తలోనే అతను ఆమెతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. "నీ మొహం చూసి నేనేం కనిపెట్టలేను హెల్వీ. నీకు ఏమనిపిస్తే అది నోటితో చెప్పెయ్. లేదంటే నన్ను పట్టుకున్న చెయ్యి గట్టిగా నొక్కు, అదైతే నాకు తెలుస్తుంది" అన్నాడట. హెల్వి ఆ మాట మీదే నిలబడింది. ఆ ఇంటికి వెళ్తే విచిత్రంగా ఉండేది. ఆమె కాఫీ పోస్తూ మామూలు గొంతుతో, "యల్మరీ, నాకు కోపంగా ఉంది" అనేది. "ఎందుకు?" "బురద బూట్లతో లోపలికొచ్చావ్." "సరే, తుడుస్తా." అంతే, గొడవ అయిపోయేది. మేం ఆడవాళ్ళం వెనక నవ్వుకునేవాళ్ళం. రేడియోలో వాతావరణం చెప్పినట్టు చెబుతోందేమిటే, మొగుడికి ఆమాత్రం కనిపెట్టడం నేర్పలేదా అని. మేం మా మొగుళ్ళ ముందు మూతి ముడుచుకుని మూడు రోజులు తిరిగేవాళ్ళం, వాళ్ళు నాలుగో రోజున, ఒంట్లో బాగాలేదా అని అడిగేవాళ్ళు. అయినా మా పద్ధతే గొప్పదనుకునేవాళ్ళం.

ముఖాలు చదవడంలో మా అందరికీ గురువు హెల్వి చెల్లెలు రౌహ. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఊళ్ళో ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే దుకాణం ఆమెదే. రోజంతా అద్దంలో ఎదుటివాళ్ళ ముఖం చూస్తూ పని చేస్తుంది. ఎవరు కడుపుతో ఉన్నా ఆ సంగతి వాళ్ళ మొగుడికన్నా ముందు రౌహకు తెలిసేది. తల్లి చిన్నప్పుడే పోతే అక్కే ఆమెను పెంచింది. డాన్సు కూడా వంటింటి నేల మీద అక్కే నేర్పింది. హెల్వి మగవాడి అడుగులు వేసేది, రౌహ ఆడపిల్ల అడుగులు వేసేది. మలుపు వచ్చే ముందు హెల్వి చెల్లెలి వీపు మీద వేలితో రెండుసార్లు తట్టేది. ఇవన్నీ రౌహే నా బల్ల దగ్గర కూర్చుని చెప్పింది.

రౌహ భర్త పోయి చాలాకాలమైంది. ఆ చలికాలం స్కూలు బస్సు నడిపే ఒన్నితో ఆమెకు మనసు కలిసింది. ఒన్ని ఆమెకన్నా చిన్నవాడు, ఆ తేడా గురించి ఊరు చెప్పుకోవాల్సింది చెప్పుకుంది. రౌహ ఊరిని లెక్కచెయ్యలేదు. ఒక్క అక్క ఏమంటుందోనన్నదే ఆమె భయం. మంచు కరిగే రోజుల్లో ఒక మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్ళి, కాఫీ బల్ల దగ్గర చెప్పేసింది.

"అక్కా, నేనూ ఒన్నీ పెళ్ళి చేసుకుంటున్నాం. నడివేసవి పండుగ అయిన వారానికి."

హెల్వి ముఖంలో ఒక్క గీత కదల్లేదు. కనురెప్ప కూడా వాల్చకుండా చెల్లెలి వైపు చూసి, లోగొంతుకతో, "మంచిది" అంది. అంతే. రౌహ కాసేపు ఎదురుచూసింది. తర్వాత సగం తాగిన కప్పు అక్కడే వదిలేసి కోటు తొడుక్కుని వచ్చేసింది. ఆ తర్వాత అక్క గుమ్మం తొక్కలేదు.

నా బల్ల దగ్గరకు ఆ కబురు అదే వారం చేరింది. చేరాక మిగతావాళ్ళకూ నోళ్ళు లేచాయి. ఒకావిడ, తను మనవరాలి ఫోటో చూపిస్తే హెల్వి గోడను చూసినట్టు చూసిందంది. ఇంకొకావిడ, కొట్లో పలకరిస్తే ముఖం గంటు పెట్టుకుందంది. నాకూ అలాగే కనిపించింది. నిజంగానే హెల్వి ముఖం మారిపోయింది, ఎప్పుడు చూసినా ఎవరో తిట్టి పంపినట్టు ఉండేది. వయసుతో పాటు గర్వం పెరిగిందని తేల్చేశాం. వేసవి మొదలై మండపం తెరిచాక ఆడవాళ్ళ బెంచీ మీద హెల్వి పక్కన చోటు ఖాళీగానే ఉండిపోయేది.

ఒక శనివారం యల్మరి కాఫీకి వచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"ఐలీ, మా ఇంటికి ఎవరూ రావట్లేదేంటి? రౌహ కూడా రావట్లేదు. మేమేం చేశాం?"

"మీ ఆవిడ్నడుగు. రెండు నెల్లుగా మొహం బండరాయిలా పెట్టుకుని తిరుగుతోంది. చెల్లెలు పెళ్ళి కబురు చెప్తే కనీసం నవ్వలేదట."

"అదేంటి? ఆ రోజు ఇంటికొచ్చేసరికి హెల్వి నా చెయ్యి పట్టుకుని వదిలితే కదా. 'యల్మరీ, నాకు సంతోషంగా ఉంది, మా చెల్లి ఒంటరిది కాదింక' అని ఎన్నిసార్లు చెప్పిందో."

"మరి మొహంలో కనబడాలి కదా."

"మొహంలోనా? నేను చూళ్ళేదే" అన్నాడు.

నాకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు. ఊరంతా రెండు నెల్లుగా చూస్తున్న మార్పు, పక్కనే పడుకునే మనిషికి కనబడలేదు. ఎప్పుడూ చూసిన చోటైతే కదా మారింది తెలియడానికి.

తర్వాత జరిగింది అతనే నాకు చెప్పాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, జీవితంలో మొదటిసారి పెళ్ళాం ముఖాన్ని పనిగట్టుకుని చూశాడట. ఆమె ఊలు అల్లుకుంటూ కూర్చుంది. ఇతను ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏంటలా చూస్తున్నావ్?" అంది.

"హెల్వీ, ఒకసారి నవ్వు."

"నవ్వుతున్నాను కదా. నువ్వలా కుర్చీ వేసుకుని కూర్చుంటే నవ్వు రాదా?"

యల్మరి ఇంకా దగ్గరికి జరిగి చూశాడు. పెదాలు కదలలేదు. బుగ్గలు కదలలేదు. తనకు ముఖాలు తెలియవు కాబట్టి తనే తప్పు చూస్తున్నాడేమోనని లేచి, చేతి అద్దం తెచ్చి ఆమె చేతికిచ్చాడు. హెల్వి అందులో చాలాసేపు చూసుకుంది. తర్వాత అద్దం బోర్లా పెట్టి, "యల్మరీ, నాకు భయంగా ఉంది" అంది. ఈ మాట చెప్పేటప్పుడు అతను నా బల్ల అంచు పట్టుకున్నాడు.

పట్నంలో డాక్టరు పార్కిన్సన్ జబ్బు అన్నాడు. ఒంట్లో కండరాలు మెల్లగా బిగుసుకుంటాయట, కొందరికి చేతులకన్నా ముందు ముఖమే బిగుస్తుందట. లోపల నవ్వు పుడుతుంది, బయటికి దారి ఉండదు. మందులిచ్చాడు. అడుగులు చిన్నవవుతాయి, కంగారు పడొద్దు, డాన్సు మానొద్దు అని కూడా చెప్పాడు. ఈ మాటలు విన్నాక ఫోటో చూపించిన ఆవిడా, కొట్లో ఆవిడా బన్నులు కాల్చి పట్టుకెళ్ళారు. ముఖాలు చదువుతామని విర్రవీగిన మేమందరం అచ్చం ఒకేలా తప్పు చదివాం. ఏ ముఖమూ చదవని మొద్దు ఒక్కడే తప్పు చెయ్యలేదు. నవ్విన నాపచేనే పండుతుందంటారు ఇందుకే.

కానీ రౌహ మాత్రం మెత్తబడలేదు. యల్మరి ఆమె దుకాణానికి వెళ్ళాడు. ఆ రోజు జుట్టు కత్తిరించుకుంటున్నది నేనే కాబట్టి అంతా నా చెవినే పడింది.

"మీ అక్క చాలా సంతోషపడిందే ఆ రోజు. మొహం బిగుసుకుపోయిందంతే" అన్నాడు.

"జబ్బు సంగతి విన్నాను బావా. విన్న రోజు నిద్రపట్టలేదు నాకు. అక్కకి మందులూ అవీ నేను తెచ్చిపెడతాను, దానికేం. పెళ్ళి సంగతి మాత్రం ఎత్తకు."

"తను మంచిదని చెప్పింది కదా."

"నోటితో అక్క ఎప్పుడూ మంచిదనే అంటుంది. చిన్నప్పుడు నా గౌను బాలేకపోయినా బాగుందనే అనేది. నేను మాడ్చిన సూప్ కూడా బాగుందనే తాగేది. మొహం చూసే కదా నేను నిజం తెలుసుకునేదాన్ని. ఇప్పుడు మొహం లేదు, ఉత్త నోటిమాట ఉంది. ఆ మాటని నేనెట్లా నమ్మను? నీకేం బావా, నీకు ఏది చెప్తే అది నమ్మేస్తావు."

"అవును, నమ్మేస్తాను" అన్నాడు యల్మరి. "ఇన్నాళ్ళూ ఒక్కసారీ మోసపోలేదు."

రౌహ కత్తెర ఆడించడం ఆపేసింది. అద్దంలో ఆమె కళ్ళు నిండడం నాకు కనిపించింది. అతనికి కనిపించలేదు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. హెల్వి సంగతి చూస్తే ఆమెదీ అదే మొండితనం. "నేను దానికి మంచిదని చెప్పాను. ఇంకేం చెప్పను? మొహం ఎక్కడైనా అరువు తెచ్చుకోమంటావా?" అందట. అక్కకు పెళ్ళి పిలుపు రాలేదు. తల్లిలా పెంచిన మనిషి లేకుండానే రౌహ చర్చిలో నిలబడబోతోందని తెలిసి నాకు ఆ వారమంతా అన్నం సయించలేదు.

నడివేసవి పండుగ సాయంత్రం మండపం కిటకిటలాడింది. ఒడ్డున మంటకు కట్టెలు పేర్చి ఉన్నాయి, గుమ్మానికి రెండువైపులా బర్చ్ చెట్టు పచ్చి కొమ్మలు కట్టారు, సూర్యుడికి దిగే ఆలోచనే లేదు. ఒన్ని కొత్త చొక్కా వేసుకుని మగవాళ్ళ వరసలో నిలబడ్డాడు. రౌహ ఆడవాళ్ళ వరసలో ఈ చివర. హెల్వి బెంచీ మీద ఆ చివర, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. అక్కాచెల్లెళ్ళు ఒకరి వైపు ఒకరు చూసుకోవడం లేదు. మగవాళ్ళ వంతు నడుస్తోంది. యల్మరి హెల్వితో రెండు పాటలు ఆడి, ఆమెను బెంచీ దగ్గర దిగబెట్టి, నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"ఐలీ, ఆ మీట నొక్కు."

"ఆడవాళ్ళ వంతుకి ఇంకా టైముంది. పెద్దాయన గడ్డం ఊపలేదు."

"నొక్కవే. హెల్వి అడగమంది. తర్వాతైతే కాళ్ళు బిగుసుకుంటాయంది."

అకార్డియన్ పెద్దాయన వైపు చూశాను. ఆయన తన వాయిద్యం మీటలు సరిచూసుకోవడంలో మునిగి ఉన్నాడు. నొక్కేశాను. బోర్డు మీద దీపం మారగానే ఆడవాళ్ళందరూ గుప్పున కదిలారు. రౌహ ఒన్ని వైపు రెండడుగులు వేసింది. హెల్వి బెంచీ మీద చెయ్యి ఆనించి లేచింది. చిన్న చిన్న అడుగులతో, నేల తడిగా ఉందేమోనన్నట్టు నడుస్తోంది. గడియారం వైపు వెళ్తోందనుకుని అందరూ దారి ఇచ్చారు. యల్మరి అప్పటికే గడియారం కింద నిలబడి ఉన్నాడు. హెల్వి అటు వెళ్ళలేదు. చెల్లెలి ముందుకు వెళ్ళి ఆగి, తల వంచి పిలిచింది.

మగవాళ్ళు చాలని రోజుల్లో ఆడవాళ్ళు ఆడవాళ్ళతో ఆడటం మాకు మామూలే. కాదనడానికి రౌహకు సాకు లేదు. ఆ అడుగులతో అక్కను ఖాళీ నేల మీద ఒంటరిగా వెనక్కి నడిపించేంత రాయి కాదు ఆమె. చెయ్యి చాపింది.

పాట మొదలైంది, నెమ్మదైన వాల్ట్జ్. మగవాడి అడుగులు హెల్వి అందుకుంది. సంగీతం తగలగానే ఆమె కాళ్ళకు ఎక్కడి నుంచో దారి దొరికింది. రౌహ మాత్రం కర్రలా బిగుసుకుని అక్క భుజం మీదుగా ఎటో చూస్తోంది, ఆ ముఖం చూడాల్సి వస్తుందేమోనని. మొదటి పాట అలాగే అయిపోయింది. రెండో పాట వరకూ కదలకూడదు కాబట్టి ఇద్దరూ చేతులు వేలాడేసుకుని నేల మధ్యలో నిలబడ్డారు. నేను పోస్తున్న కాఫీ కప్పు దాటి పళ్ళెంలోకి పోయింది.

రెండో పాట మొదలయ్యాక, మూల దగ్గర మలుపు వచ్చింది. హెల్వి చెయ్యి చెల్లెలి వీపు మీద ఉంది. ఆ వేలు రెండుసార్లు తట్టడం నా కళ్ళారా చూశాను. రౌహ తిరిగింది. తిరిగి, మళ్ళీ అక్క చేతిలోకి వచ్చేసరికి ఆమె భుజాలు కిందికి జారాయి. వంటింటి నేల గుర్తొచ్చిందో ఏమో, అక్క చెంపకు చెంప ఆనించేసింది. ఇక ఒకరి ముఖం ఒకరికి కనబడే వీలు లేదు. మిగతా మలుపులన్నీ ఆ వేలే చెప్పింది, రౌహ కళ్ళు మూసుకుని తిరిగింది.

పాట ఆగింది. మగవాడి అడుగులు వేసిన మనిషే తన జోడీని చోటికి చేర్చాలి, అది పద్ధతి. హెల్వి చెల్లెలి మోచెయ్యి పట్టుకుని బయలుదేరింది. ఆడవాళ్ళ వరస వైపు తీసుకెళ్ళలేదు. నేల దాటి, మగవాళ్ళ వరస దగ్గరికి నడిపించుకు వెళ్ళి, ఒన్ని ముందు ఆగి, రౌహ చేతిని అతని చేతిలో పెట్టింది. అతని వేళ్ళ మీద తన వేళ్ళు వేసి ఒకసారి గట్టిగా నొక్కింది. ఒన్ని ముఖం చూస్తే అతనికేమీ అర్థం కాలేదని తెలుస్తూనే ఉంది, అతనూ మగవాడే కదా.

యల్మరి గబగబా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఐలీ, ఏమైంది? రౌహ మొహం ఎలా ఉంది?"

"ఏడుస్తోంది."

"అయ్యో. ఇంకా కోపమేనా?"

"కాదురా నాయనా. వెళ్ళి మీ ఆవిడ్ని పట్టుకో, కాళ్ళు వణుకుతున్నాయి."

వెళ్ళి ఆమె చెయ్యి అందుకున్నాడు. హెల్వి ముఖం ఇందాక ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. రౌహ ఆ ముఖంలోకి ఇంకా వెతుక్కుంటూ చూస్తోంది, అలవాటు ఎక్కడికి పోతుంది. అప్పుడు హెల్వి ఆ లోగొంతుకనే కాస్త పెంచి, మా అందరికీ వినబడేట్టు, "యల్మరీ, నాకు చాలా సంతోషంగా ఉంది" అంది.

"తెలుస్తోంది, చెయ్యి విరిగేట్టుంది" అన్నాడు యల్మరి.

రౌహ ముందుకు వచ్చి, అక్క రెండో చెయ్యి పట్టుకుంది.

"నాక్కూడా చెప్పక్కా" అంది. "ఇకనుంచి అన్నీ నాక్కూడా నోటితోనే చెప్పు. నమ్ముతాను."